గండికోటా, కాలేజీ మిద్దెనా? స్టూడెంట్ మ్యూజిక్ వీడియోకు ఏది ఎంచుకోవాలి

మ్యూజిక్ వీడియో తీద్దామని కూర్చున్న ప్రతి బ్యాచ్ మొదట అడిగేది "అన్నా, ఏ కెమెరా తీసుకుందాం?" అని. వెంటనే వచ్చే రెండో ప్రశ్న "గండికోటకు పోదామా?" ఈ రెండూ ఆఖర్న తేల్చుకోవాల్సినవని నా గట్టి అభిప్రాయం. ముందు పాట తేలాలి. ఆ పాటను పాడుతూ చూపిస్తారా, కథగా చెబుతారా అన్నది తర్వాత. ఆ పైన చోటు, చివరికి కెమెరా. ఈ వరస తలకిందులైతే అద్దె కెమెరా చేతిలో ఉంటుంది, ముందర అందమైన లోయ ఉంటుంది, ఏం తీయాలో మాత్రం ఎవరికీ తెలియదు.

కర్నూలు, అనంతపురం, కడప వైపు చదువుకుంటూ, చేతిలో కొద్ది డబ్బు, కొద్ది రోజులు మాత్రమే ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు ఒకటి అడగాలి: ఈ షాట్ పాడైతే మళ్ళీ వచ్చి తీయగలమా? విద్యార్థుల షూటింగ్‌లో షాట్లు పాడవడం మామూలే. ఫోకస్ జారుతుంది, పెదాలు పాటతో కలవవు, వెనక ఎవరో నడిచిపోతారు. ఎడిటింగ్‌లో కూర్చున్నాకగానీ సగం తప్పులు బయటపడవు. అప్పుడు ఓ సాయంత్రం బస్సెక్కి వెళ్ళి రెండు షాట్లు తీసుకుని రాగలిగితే వీడియో బతుకుతుంది. నేను చోటుకు, కెమెరాకు, మనుషులకు అన్నిటికీ మొదట ఈ కొలతే పెడతాను.

రెండోది వెలుగు. ఏప్రిల్, మే నెలల్లో మన మూడు ఊళ్ళలోనూ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నడినెత్తి ఎండలో కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయి. ఫోను వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, కాసేపటికి రికార్డింగే ఆగిపోతుంది. పనికొచ్చేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. అంటే రోజుకు నాలుగు గంటలు. ఒక్కో సెటప్‌కు, అంటే కెమెరా ఒకచోట పెట్టి తీసుకోవడానికి, పదిహేను నిమిషాలు పోతే పదహారు సెటప్‌లు వస్తాయి. నాలుగు నిమిషాల పాటను మూడు సెకన్ల షాట్లతో నింపాలంటే 80 షాట్లు కావాలి. ఒక్క రోజులో ముగించాలంటే ప్రతి సెటప్‌లో ఐదేసి షాట్లు రావాలి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న బ్యాచ్, రెండో చరణం తీసేసి పాటను రెండున్నర నిమిషాలకు కుదించుకుంటుంది. అది మంచి పని. ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

మూడోది హక్కులు, అనుమతులు. వాటి సంగతి పాట దగ్గర, చోటు దగ్గర విడివిడిగా చెబుతాను.

నాలుగోది మనుషులు. దీన్ని చాలామంది లెక్కలో వేసుకోరు. తెల్లవారుజామున ఐదుకు బయల్దేరాలంటే లేడీస్ హాస్టల్ గేటు తెరవరు. రాత్రి బస అంటే చాలా ఇళ్ళలో అమ్మాయిలను పంపరు. అలాంటి చోటు ఎంచుకుంటే బాగా పాడే అమ్మాయిని, బాగా ఎడిట్ చేసే అమ్మాయిని టీమ్ నుంచి మీరే తీసేసినట్టు. పొద్దున వెళ్ళి చీకటి పడేలోగా తిరిగి రాగలమా అన్నది సౌకర్యం కోసం అడిగే ప్రశ్న కాదు, ఎవరు టీమ్‌లో ఉంటారో తేల్చే ప్రశ్న.

పాట: నాలుగు దారులు

*సినిమా పాట.* జనానికి తెలిసిన పాట, ఒక్క రూపాయి ఖర్చు లేదు. క్లాసులో మాస్టారికి చూపించి మార్కులు తెచ్చుకోవడానికి, కాలేజీ హాల్లో తల్లిదండ్రుల ముందు ప్రదర్శించడానికి సాధారణంగా ఇబ్బంది రాదు. యూట్యూబ్‌లో పెట్టగానే వేరే సంగతి. పాట యజమాని తరఫున క్లెయిమ్ పడుతుంది. ప్రకటనల డబ్బు వాళ్ళకు పోవచ్చు, వీడియో కనబడకుండా ఆగిపోనూవచ్చు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. యజమాని తొలగించమని కోరితే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. కాలేజీ ఛానెల్‌లో పెట్టేముందు ఈ తేడా అందరికీ చెప్పండి.

*కవర్.* మీ గొంతు, మీ గిటార్. అయినా రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కు అలాగే ఉంటుంది. మేమే పాడాం కదా, ఇది మాదే అనుకోవడం పొరపాటు. పాడేవాళ్ళ నైపుణ్యం చూపించడానికి మంచి దారి, అంతవరకే.

*జానపదం, సంకీర్తన.* మన ప్రాంతపు విద్యార్థులకు ఇంత దగ్గరగా ఉన్న సంపద ఇంకొకటి లేదు, దీన్ని వాడుకునేవాళ్ళే తక్కువ. కడప జిల్లా తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. మన చట్టంలో రచయిత హక్కు ఆయన తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది కాబట్టి ఆ మాటలు అందరివీ. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈరోజు మనం వినే చాలా సంకీర్తనల బాణీలు గత వందేళ్ళలో కట్టినవి. వాటికి హక్కుదారులు ఉండొచ్చు. కాబట్టి మాటలు తీసుకుని బాణీ మీరు కట్టుకోండి. సంగీతం నేర్చుకుంటున్న స్నేహితురాలు ఒకరుంటే చాలు.

జానపదం సంగతీ అంతే. పాట ఊరిది, ఫలానా బృందం రికార్డు చేసిన ఆడియో ఆ బృందానిది. అనంతపురం వైపు ఉరుము వాద్యం వాయించేవాళ్ళు, కర్నూలు వైపు గొరవయ్యలనే జానపద కళాకారులు, అన్ని చోట్లా చెక్కభజన బృందాలు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి, ఎంతో కొంత డబ్బు ఇవ్వండి, చివర్లో పేర్లు వేయండి, పూర్తయిన వీడియో వాళ్ళ ఫోన్‌కు పంపండి. గొరవయ్య పిల్లనగ్రోవి, ఢమరుకం మీద మీ పాట మొదలైతే, అదే మరో ఊరి కాలేజీ వీడియోకూ మీదానికీ తేడా. కెమెరా మార్చి ఆ తేడా తేలేరు.

*సొంత పాట.* హక్కుల టెన్షన్ లేదు. కాకపోతే పాట తయారయ్యేసరికి షూటింగ్ రోజులు కరిగిపోతాయి. పాట ఇప్పటికే రికార్డయి ఉంటేనే ఈ దారి. ఇంకా రాస్తున్నాం, ఆదివారానికి అయిపోతుంది అంటే జానపదానికి మారిపోండి.

పాడుతూ చూపడమా, కథ చెప్పడమా

కథ అంటే ఎక్కువ చోట్లు, ఎక్కువ మంది నటులు, బట్టల కంటిన్యూటీ (షాటు షాటుకూ ఒకేలా కనబడటం). ఒక్కరు మధ్యలో జుట్టు కత్తిరించుకున్నా కథ ఆగిపోతుంది. పాడుతూ చూపే వీడియోలో అదే పాటను మూడు చోట్ల మొత్తం పాడించి తీసుకుంటే ఎడిటింగ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోవచ్చు. ఒక చోటు పూర్తిగా పాడైనా ఇంకో చోటు కాపాడుతుంది. మొదటిసారి తీసేవాళ్ళకు నేను చెప్పేది ముప్పాతిక వంతు పాడటం, పాతిక వంతు కథ. ఆ కథ కూడా ఒకరిద్దరితో ముగిసేదే కావాలి.

పాడటం అనగానే పెదాలు కలవడం గురించి చెప్పాలి. విద్యార్థుల వీడియోలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. స్పీకర్ పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉండాలి, ఫ్రేమ్‌లో పడకుండా. పాటకు ముందు నాలుగు "టిక్" శబ్దాలు కలిపి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది. పెదాలు ఆడిస్తే సరిపోదు, గట్టిగా పాడాలి. గొంతు నరాలు కదలకపోతే చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. కెమెరాలోనూ ఆడియో రికార్డవుతూ ఉండాలి, తర్వాత జత కలపడానికి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ముప్పై మీటర్ల దూరం నుంచి తీసిన షాట్‌లో ధ్వని రెండు ఫ్రేములు (సెకనుకు 25 ఫ్రేముల లెక్కన) వెనక పడుతుంది. దూరపు షాట్లను చేత్తో సరిచేసుకోండి.

స్లో మోషన్‌లో పెదాలు కలవాలంటే దారి ఉంది. పాటను రెట్టింపు వేగంతో వినిపించి, సెకనుకు 50 ఫ్రేములతో తీసి, ఎడిటింగ్‌లో సగం వేగానికి తగ్గించండి. పెదాలు మామూలు పాటతో కలుస్తాయి. చున్నీ, జుట్టు, కాలి కింద ఎర్రమట్టి దుమ్ము మాత్రం తేలుతూ కదులుతాయి. రెట్టింపు వేగంలో పాడటం కష్టం, కాబట్టి పల్లవి ఒక్కటే ఇలా పెట్టుకుని ముందే ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయించండి. ఏ ఖరీదైన సామానూ లేకుండా చేయగలిగిన మాయ ఇది.

చోటు

| చోటు | ఏం దొరుకుతుంది | అనుమతి | మళ్ళీ వెళ్ళగలమా |
|---|---|---|---|
| గండికోట | పెన్నా లోయ, కోట, గుడి, మసీదు | కోట పురావస్తు శాఖ రక్షిత కట్టడం, చిత్రీకరణకు లైసెన్సు | కడప నుంచి సుమారు 80 కి.మీ., కష్టమే |
| ఓర్వకల్లు రాక్ గార్డెన్ | రాళ్ళు, నీళ్ళు, నీడ | గేటు దగ్గర ముందే మాట్లాడాలి | కర్నూలు నుంచి తేలిక |
| గుత్తి కోట | కొండ మీద నుంచి ఊరంతా | రక్షిత కట్టడం | అనంతపురం నుంచి సుమారు 50 కి.మీ., కానీ ఎక్కాలి |
| బెలుం గుహలు | పసుపు లైట్లు, నేల కింది దారులు | ముందే తీసుకోవాలి | కష్టం |
| చేను, రచ్చకట్ట | పచ్చదనం, మనుషులు, గాలి | రైతును, ఊరివాళ్ళను అడిగితే చాలు | ఎప్పుడైనా |
| కాలేజీ మిద్దె, క్లాస్‌రూమ్ | నియంత్రణ, కరెంటు, నీడ | ప్రిన్సిపల్ సంతకం | రేపే |

గండికోట గురించి నిజాయితీగా చెప్పాలి. ఎర్రమల కొండలను పెన్నా కోసుకుంటూ పోయిన ఆ లోయ ముందు నిలబడితే ఎవరికైనా పాట పాడాలనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ అక్కడ నీడ తక్కువ. లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు. వెనక్కి నడుస్తూ తీసే కెమెరా మనిషికి అది ప్రాణం మీదికి తెచ్చే చోటు. అంచుకు దూరంగా ఒకరిని, పని ఏదీ అప్పగించకుండా, కేవలం కాపలాకే నిలబెట్టలేకపోతే అక్కడ తీయొద్దు. ఇక అనుమతి. రక్షిత కట్టడాల్లో చిత్రీకరణకు లైసెన్సు ఉండాలని 1959 నాటి నిబంధనలే చెబుతున్నాయి. చేతిలో ఫోన్ పట్టుకుని తీసుకునే సందర్శకుడిని సాధారణంగా ఎవరూ ఆపరు. స్టాండ్, లైటు, రిఫ్లెక్టర్, మేకప్ వేసుకున్న మనుషులు కనబడితే కాపలా మనిషి వచ్చి అడుగుతాడు, అది ఆయన ఉద్యోగం. ఆయనతో వాదించి పొద్దుటి వెలుగు పోగొట్టుకున్నవాళ్ళు మీరు కాకూడదు.

నా సలహా: పాటంతా గండికోటలో తీయాలని పెట్టుకోవద్దు. అంతగా మనసు పడితే అక్కడ ఒక్క చరణం, పాడటం లేని దృశ్యాలు మాత్రమే పెట్టుకోండి. అవి పాడైనా పాట ఆగదు.

గుత్తి కోట ఎక్కడం సామానుతో పెద్ద పని. నీళ్ళ క్యాన్లు, స్పీకర్, బ్యాటరీలు ఎవరు మోస్తారో ముందే పేర్లు రాసుకోవాలి. గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పుకునే పై మండపం దాకా వెళ్తే దృశ్యం అద్భుతం. కానీ అక్కడికి చేరేసరికి పాడేవాళ్ళ ముఖాలు ఎర్రబడి, ఊపిరి అందక ఉంటాయి. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, ముఖం కడిగించి మొదలుపెట్టండి.

బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది అందులో సుమారు సగం. లోపల ఉక్క, తడి. బయటి నుంచి తెచ్చిన లెన్స్ మీద ఆవిరి పట్టొచ్చు. ఫోన్‌తో తీస్తే ఆ వెలుగులో బొమ్మ గరుకుగా వస్తుంది. మ్యూజిక్ వీడియోకు నేను సిఫార్సు చేయను. తీసే తీరాలి అంటే గుర్తుంచుకోండి, 2022 జిల్లాల విభజన తర్వాత బెలుం, యాగంటి, అహోబిలం నంద్యాల జిల్లాలోకి పోయాయి. లేపాక్షి, పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత జిల్లా ఆఫీసుకు అర్జీ పట్టుకుపోతే రోజంతా దండగ.

ఓర్వకల్లు కర్నూలు వాళ్ళకు బంగారం. రాళ్ళ మధ్య నీడ దొరుకుతుంది కాబట్టి ఎనిమిది దాటాక కూడా తీయొచ్చు. డ్రోన్ మాత్రం ఆలోచించి చేయాల్సిన పని, కర్నూలు విమానాశ్రయం ఓర్వకల్లులోనే ఉంది. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూశాకే మాట్లాడాలి.

చేను అందరూ మరిచిపోయే చోటు. వేరుశనగ వేసే ఊళ్ళలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎర్రమట్టి మీద పచ్చటి సాళ్ళు కనబడతాయి. అక్టోబరు, నవంబరుకల్లా పీకేస్తారు, తర్వాత అంతా బీడే. బీడు కావాలంటే అదీ అందమే, విరహం పాటకు దానికి మించిన నేల లేదు. టీమ్‌లో ఎవరో ఒకరి పెద్దనాన్నకో మామకో చేను ఉండే ఉంటుంది. సాళ్ళ మధ్య గట్టు మీదే నడవండి, పంట తొక్కొద్దు. ఆషాఢం గాలికి స్టాండ్ పడిపోతుంది కాబట్టి దానికి ఇసుక సంచి కట్టండి.

ఇక కాలేజీ మిద్దె. చూడగానే ఉత్సాహం రాదు. కానీ సాయంత్రం ఆకాశం, వెనక ఊరి దీపాలు, నీళ్ళ ట్యాంకు నీడ చాలు. పాడే భాగాలన్నీ ఇక్కడ తీసుకుంటే మిగతా చోట్ల ఏం జరిగినా వీడియో చేతిలో ఉన్నట్టే. నా ఓటు దీనికే.

కెమెరా

*మీ ఫోన్.* మళ్ళీ తీయగలమా అన్న కొలతలో దీన్ని మించింది లేదు, ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. రెండు జాగ్రత్తలు చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకుంటే ట్యూబ్‌లైట్ల కింద చారలు పడవు. మామూలు కెమెరా యాప్‌లో ఇవి కుదరకపోతే ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ మీ ఫోన్‌లో పనిచేస్తుందేమో చూడండి. రెండోది, వెలుగు తగ్గినప్పుడు చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును తమంతట తామే మార్చేస్తాయి. దాంతో పాట చివరికొచ్చేసరికి పెదాలు జారిపోతాయి. ఎడిటింగ్‌కు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటే సరిపోతుంది.

*అద్దె మిర్రర్‌లెస్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా).* వెనక మసకగా, ముఖం మృదువుగా వస్తుంది. మన ఊళ్ళలో ఇది దొరికేది పెళ్ళిళ్ళ స్టూడియోల దగ్గరే. లగ్నాల సీజన్‌లో అడిగితే దొరకదు, దొరికినా పొద్దున తెచ్చి రాత్రికి ఇచ్చేయమంటారు. ధనుర్మాసంలో, ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి కెమెరాలు ఖాళీగా ఉంటాయి, బేరమూ కుదురుతుంది. డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా ఎండ తక్కువ, వెలుగు మెత్తగా ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలు అడ్డురాకపోతే ఏడాదిలో అంతకంటే మంచి సమయం లేదు. అయితే ఆ కెమెరాను ముందురోజు సాయంత్రమే తెచ్చి, ఫోకస్ పట్టడం నేర్చుకునే మనిషి ఒకరుండాలి. అలాంటివాళ్ళు లేకపోతే ఫోనే మేలు.

*పెళ్ళి వీడియోగ్రాఫర్‌ను కుదుర్చుకోవడం.* బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఆయన చేయి తిరిగింది పెళ్ళి పద్ధతిలో, కాబట్టి గింబల్‌తో (కెమెరా కుదుపులను ఆపే పరికరం) చుట్టూ తిరగడం, అన్నీ స్లో మోషన్ చేయడం మీ పాటలోకీ వచ్చేస్తాయి. షాట్ లిస్ట్ చేతిలో లేకుండా పిలవొద్దు. మార్కుల ప్రాజెక్టు అయితే అసలే వద్దు. కెమెరా ఎవరు చేశారని ఎగ్జామినర్ అడిగితే చెప్పడానికి మీ పేరు ఉండాలి.

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. హాస్టల్ ల్యాప్‌టాప్ మొరాయిస్తే అందులోనే ప్రాక్సీ ఫైళ్ళు (ఎడిటింగ్ కోసం తేలికైన నకళ్ళు) చేసుకోండి. 4కే ఫుటేజ్ ఫోన్‌ను బట్టి నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా తింటుంది. షూటింగ్ సాయంత్రమే రెండు చోట్ల కాపీ చేయకుండా ఫోన్ ఖాళీ చేయొద్దు.

ఎవరికి ఏది

మొదటి సంవత్సరం, మొదటి వీడియో: జానపదం, కాలేజీ మిద్దె, ఒక చేను, ఫోన్.

మీడియా కోర్సు ఫైనల్ ఇయర్, మార్కులు ముఖ్యం: సంకీర్తన మాటలకు సొంత బాణీ లేదా ముందే రికార్డయిన సొంత పాట, ధనుర్మాసంలో అద్దె కెమెరా. కర్నూలు వాళ్ళకు ఓర్వకల్లు, కడప వాళ్ళకు మిద్దెతో పాటు గండికోటలో ఒక్క చరణం, అదీ లైసెన్సు పని నెలల ముందు మొదలుపెడితేనే.

బ్యాండ్ ఉండి, ఛానెల్ పెంచుకోవాలనుకునేవాళ్ళు: సినిమా పాట కవర్ వద్దు, సొంత పాటే. చోటు మీద పెట్టే డబ్బు ఆడియో రికార్డింగ్ మీద పెట్టండి. వినడానికి బాగుంటే ఫోన్ బొమ్మనూ జనం చూస్తారు.

ఫెస్ట్ దగ్గర పడిన బ్యాచ్‌కు: ఈ శనివారం మిద్దె మీద పాడే భాగం మొత్తం తీసేయండి, ఆదివారం ఎడిట్ చేసి చూడండి. ఎక్కడ ఖాళీలు కనబడతాయో అప్పుడు తెలుస్తుంది. ఆ ఖాళీలకు ఏ చోటు కావాలో సోమవారం మాట్లాడుకోవచ్చు.